కంటికాడలోని గ్రంథి

పీతకును రొయ్యకును కన్ను ముఖమునకు అంటుకొని యుండదు; ఒక చిన్న కాడ చివర నిలిచి, ఇటునటు తిరుగుచు, వెరపు కలిగినప్పుడు పెంకులోని గాడిలోనికి వాలిపోవుచుండును. ఆ కాడను చూచినవారెవరైనను అది కంటిని ఎత్తి పట్టుటకై ఏర్పడిన ఆధారమనియే తలంతురు. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లవరకు జంతుశాస్త్రజ్ఞులును అట్లే తలంచిరి. కాని ఆ కాడలోపల, చూపునకు సంబంధించిన నాడీకేంద్రముల సరసనే, ఆ ప్రాణి ఎప్పుడు కుబుసము విడువవలెనో, దాని నెత్తురులో చక్కెర ఎంత యుండవలెనో, ఆడుదాని అండాశయము ఎప్పుడు పక్వము కావలెనో, ఒంటిరంగు ఎప్పుడు ముదిరి ఎప్పుడు వెలవెలబోవలెనో శాసించు ఒక గ్రంథి కలదనియు, ఆ గ్రంథి వేరొక జాతి కణములతో గాక నాడీకణములతోనే నిర్మితమైనదనియు తెలియుటకు సుమారు ఏబది యేండ్లు పట్టినది.

దేహములో ఒక భాగమునుండి మరొక భాగమునకు వర్తమానము పోవుటకు రెండు మార్గములు కలవని మనము బడిలో చదువుకొన్నాము. నాడి విద్యుత్ప్రేరణచేత, క్షణములో, ఒకానొక కండరమునకో కణమునకో మాత్రమే చెప్పును. గ్రంథి ఒక రసాయనమును నెత్తురులో కలిపి, నింపాదిగా, దేహమంతటికి చాటును. ఈ రెండును వేరువేరు వ్యవస్థలని చిరకాలము నమ్మియుండగా, 1928లో ఎర్నెస్ట్ షారర్ అను యువశాస్త్రజ్ఞుడు ఒక చిన్న మంచినీటి చేప మెదడులో గ్రంథికణములవలె స్రావపు రేణువులతో నిండియున్న నాడీకణములను చూచి, నాడియే గ్రంథి కావచ్చునని ప్రతిపాదించెను. ఆ మాటను ఆనాడు నమ్మినవారు మిక్కిలి కొలది. ఆయన భార్య బెర్తా షారర్ అదే అన్వేషణను బొద్దింకలు మొదలైన వెన్నెముకలేని జీవులలో సాగించినది. అటువంటి కణములకే నాడీస్రావ కణములని పేరు. వాని పనిని మొదటినుండి తుదివరకు, పుట్టుకనుండి విడుదలవరకు, చేతికందు దూరములో పరిశీలించుటకు పీత కంటికాడకంటె అనుకూలమైన తావు మరియొకటి లేదని చెప్పిన అతిశయోక్తి కాదు.

ఈ అన్వేషణ చరిత్ర ఆసక్తికరమైనది. 1905లో జెలెనీ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఫిడ్లర్ పీతల కంటికాడలను తొలగించి చూడగా, అవి మామూలుకంటె త్వరత్వరగా కుబుసము విడువసాగెను. కన్ను పోయినచో కుబుసమేల త్వరపడవలె నన్న ప్రశ్న చాలకాలము సమాధానము లేక నిలిచిపోయెను. 1928లో పెర్కిన్స్ ఒక చిన్న రొయ్యజాతిపై పనిచేసి, కంటికాడలను నూరి తీసిన రసమును ఎక్కించినచో, నల్లబారిన రొయ్య వెలవెలబోవునని నిరూపించెను. నాడి తెగినను రసము పనిచేయుచున్నది గనుక, ఆ కాడలో రక్తమున కలియు పదార్థమేదో యున్నదని తేలెను. 1930లలో స్వీడను దేశస్థుడగు బెర్టిల్ హాన్‌స్ట్రోమ్ కాడలోని నిర్మాణములను సూక్ష్మముగా పరిశీలించి, రెండింటిని లోకము దృష్టికి తెచ్చెను: నాడీకణముల గుంపుగా నుండు ఎక్స్-అంగము, రక్తకుహరమునకు ఆనుకొని యుండు సైనస్ గ్రంథి. 1943లో ఫ్రాన్సు దేశమున పనూస్, ఆడు రొయ్య కంటికాడను తీసివేసినచో అండాశయము అకాలమున పెరుగుటను గమనించెను. మరుసటి యేడు అబ్రమోవిట్జ్, హిసా, పాపాండ్రియా అనువారు కంటికాడ రసము పీతకు ఎక్కించినచో నెత్తురులో చక్కెర పెరుగునని కనుగొనిరి.

ఇన్ని ఫలములను చూపిన ఆ రసమునకు పుట్టినిల్లు సైనస్ గ్రంథియే యని అందరును తలంచుట సహజమే. రసము దానిలోనే అన్నిటికంటె బలముగా నుండెను. అయినను ఒక చిక్కు వచ్చిపడినది. నేర్పుగా సైనస్ గ్రంథిని మాత్రమే తీసివేసి, మిగిలిన కాడను నిలిపినచో, కుబుసము త్వరపడలేదు. ఉత్పత్తిస్థానమునే తొలగించితిమనుకొనగా ఉత్పత్తి ఆగలేదన్నమాట! ఈ చిక్కును 1951, 52 సంవత్సరములలో డొరతీ బ్లిస్, వెల్ష్, లియొనార్డ్ పస్సానో విడదీసిరి. సైనస్ గ్రంథిలో తనవంటూ స్రావకణములు లేవు. అది ఎక్స్-అంగమునందలి నాడీకణములనుండి వచ్చిన వందలాది తంత్రికాక్షముల ఉబ్బిన కొసల సమూహము మాత్రమే. ఎక్స్-అంగము పంట పండు పొలము, సైనస్ గ్రంథి ధాన్యము దాచు గాదె. గాదెను పడగొట్టినంతమాత్రాన పొలము ఎండదు గదా! తెగిన తంత్రికాక్షముల కొసలనుండియే హార్మోను నెత్తురులోనికి జారిపోవుచుండెను.

పీత కంటికాడ పెంకును జాగ్రత్తగా చీల్చి, కండరములను తొలగించి చూచినచో, ఈ సైనస్ గ్రంథి నీలిచాయ కలిసిన పాలతెలుపుతో మెరయుచు కనబడును. ఆ వన్నె ఏ వర్ణకమువలనను కలిగినది కాదు. గ్రంథి నిండ క్రిక్కిరిసిన కోట్లకొలది హార్మోను రేణువులు వెలుతురును చెదరగొట్టుటవలన పుట్టినది. హార్మోనును కంటితో చూచుట యనునది శరీరశాస్త్రములో అరుదైన భాగ్యము. ఇచ్చట అది, ఇంచుమించుగా, లభించుచున్నది. దానినుండి సన్నని నాడీపోగుల కట్ట ఒకటి మొదటివైపునకు సాగి, మెదడునకు దగ్గరగానుండు నాడీకేంద్రపు అంచున నూటయేబది, రెండువందల పెద్ద కణముల గుంపులో ముగియును. అదియే ఎక్స్-అంగము. ఒక సమస్త ప్రాణి పెరుగుదలను, ఆహారవినియోగమును, సంతానమును ఏలుటకు ఇన్ని కొద్ది కణములు చాలుట నాకు ఎన్ని మారులు తలంచినను ఆశ్చర్యముగనే తోచును.

ఆ కణములో హార్మోను ఎట్లు తయారగునో చూతము. ఎక్కువగా తెలిసిన దానినే తీసికొందము: నెత్తురులో చక్కెరను పెంచు హార్మోను. ఐరోపా తీరములందు విరివిగా దొరకు కార్సినస్ మీనాస్ అను ఆకుపచ్చ పీతనుండి దీనిని వేరుచేసి, 72 అమైనో ఆమ్లముల వరుసను 1989లో సంపూర్ణముగా చదివిరి. అయితే కణము ఈ 72 అంగముల మాలికను నేరుగా గ్రుచ్చదు. కేంద్రకములోని జన్యువునుండి బయటికి వచ్చిన ఆర్.ఎన్.ఏ. ప్రతిని రైబోసోములు చదువుకొనుచు, అంతకంటె చాల పొడవైన ఒక పూర్వరూపమును అల్లును. దాని మొదటి భాగము సంకేతఖండము. ‘ఈ గొలుసును అంతర్జీవద్రవ్యజాలములోనికి చేర్చుడు’ అని చెప్పుటయే దాని పని. లోనికి చేరినంతనే అది తెగి నశించును. రెండవ భాగము మరొక పెప్టైడు; దానికి దేహములో ఏ ప్రయోజనమో నేటికిని స్పష్టపడలేదు. దాని తరువాత లైసీన్, ఆర్జినీన్ అను రెండు అమైనో ఆమ్లముల జంట. అది కత్తిరింపవలసిన తావునకు గుర్తు. ఆ పిమ్మటగాని అసలు హార్మోను రాదు.

జాలములోపల ఈ గొలుసు ముడుచుకొని, దానిలోని ఆరు సిస్టీన్‌లు రెండేసిగా కలిసి మూడు గంధకబంధములు ఏర్పడును. ఆ మూడు బంధములే హార్మోనునకు స్థిరమైన ఆకారము నిచ్చునవి. కుబుసమును ఆపు హార్మోను, అండాశయమును ఆపు హార్మోనుకూడ అవే స్థానములలో అవే మూడు బంధములు కలిగి, ఈ కుటుంబమునకే చెందినవి. అక్కడినుండి గొలుసు గాల్జీ సంక్లిష్టమునకు చేరి, పలుచని పొర కప్పుకొన్న రేణువులలో నింపబడును. ఒక్కొక్క రేణువు నూరు, రెండువందల నానోమీటర్ల వ్యాసము కలది. ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో చూడగా నడుమ దట్టమైన నల్లని మచ్చ, చుట్టును పొర. కత్తిరించు ఎంజైములును ఆ రేణువులోనే హార్మోనుతోపాటు కూడియుండుట వలన, పని ప్రయాణములోనే సాగిపోవును. జంటగుర్తువద్ద గొలుసు తెగును; తోక కొసన అమైడు బంధము చేరును, ముందు కొసన గ్లుటమీన్ ఉంగరముగా చుట్టుకొనును. ఈ రెండు మార్పులవలన, నెత్తురులోనికి వెళ్లిన పిమ్మట గొలుసును కొసలనుండి కొరికివేయు ఎంజైములకు దానిపై పట్టు దొరకుట కష్టమగును.

ఇంతటితో ఆగక, కొన్ని కణములు మరొక అద్భుతమును జరుపుచున్నవి. జీవులలోని ప్రోటీనులన్నియు ఎడమచేతి రూపపు అమైనో ఆమ్లములతోనే అల్లబడునని మనము నేర్చుకొన్నాము. జన్యువునందు కుడిచేతి రూపమునకు సంకేతమే లేదు. అయినను 1994లో సొయెజ్ బృందమువారు అమెరికా లాబ్‌స్టరులో, ఈ చక్కెర హార్మోనునకే రెండు రూపములు కలవనియు, అందొకదానిలో మూడవ స్థానమునందలి ఫినైల్ అలనీన్ కుడిచేతి రూపమును పొందియున్నదనియు కనుగొనిరి. అన్ని కణములును ఈ మార్పు చేయవు. ఎక్స్-అంగములో ప్రత్యేకించిన కొన్ని కణములే, హార్మోను రేణువులో చేరిన తరువాతనే, దీనిని నెరవేర్చును. గొలుసులో ఒక్క అణువు కుడిఎడమలు మారినంతమాత్రాన చక్కెరను పెంచు బలమును, ఆ ప్రభావము నిలుచు కాలమును మారుచున్నవి. ఒక జన్యువునకు ఒక హార్మోను అన్న లెక్క ఎంత చాలనిదో ఈ యొక్క దృష్టాంతమువలన తెలియును. కణము తన చేతిపనిచేత జన్యువు చెప్పనిదానిని కూడ చేర్చుచున్నది. 

సిద్ధమైన రేణువులు తంత్రికాక్షములోని సూక్ష్మనాళికల వెంట, వానిని మోయు చలనప్రోటీనుల సాయమున, సైనస్ గ్రంథికి చేరి ఆ కొసలలో పేరుకొనును. కొసల నొక పలుచని పొర మాత్రమే రక్తమునుండి వేరుచేయుచున్నది. పీత, రొయ్య మొదలగు క్రస్టేషియా వర్గపు ప్రాణులలో రక్తము కేశనాళికలలో ఒదిగి ప్రవహింపక, చాలమట్టుకు అవయవములను తడుపుచు కుహరములలో తిరుగాడును; కాబట్టి ఆ పొర దాటిన హార్మోను కొద్దిసేపటిలోనే దేహమంతటను వ్యాపించును.

విడుదల విధానము నాడికి సహజమైనదే. ఇతర నాడులు తెచ్చిన ప్రేరణవలన కణములో విద్యుత్తరంగము పుట్టి తంత్రికాక్షము వెంట కొసకు పరుగెత్తును. అచ్చట పొరలోని కాల్షియము ద్వారములు తెరచుకొని, కాల్షియము అయానులు లోనికి దూసుకొనివచ్చును. అవి రేణువులను పొరవద్దకు చేర్చి, రేణువు పొరయు కణపు పొరయు ఏకమగునట్లు చేయును. అంతట రేణువు లోపలిది బయటికి ఒలుకును. మన నాడులలో కొసలు అతిసూక్ష్మములు గనుక ఇదంతయు ఊహించి తెలిసికొనవలసినదేగాని, పీత సైనస్ గ్రంథిలో కొన్ని కొసలు సూదివంటి గాజుగొట్టమును నేరుగా ఆనించి కొలువదగినంత పెద్దవి. 1986లో లెమోస్, నోర్డ్‌మన్, కుక్, స్టూంకెల్ అను నలుగురు శాస్త్రజ్ఞులు ఒక పెద్ద పీత కొసలను విడదీసి, వానిమీది అయాను ద్వారములను ఒక్కొక్కటిగా కొలిచిరి. పెప్టైడును విడుదల చేయు నాడీకొసనుండి ఇట్టి కొలతలు నేరుగా దొరకుట ఆ కాలమున పెద్ద ముందడుగు. తరంగములు ఏకరీతిగా వచ్చినప్పటికంటె, గుంపులుగా వచ్చి, నడుమ విశ్రాంతి నిచ్చినప్పుడే హార్మోను ఎక్కువగా ఒలుకును. ఎక్స్-అంగములోని కణములు అట్లే గుంపులుగా స్పందించుటయు కద్దు.

ఎప్పుడు విడువవలెనో ఈ కణములకు తెలిపెడివి పెక్కు. నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు, వేడి హెచ్చినప్పుడు, పీతను గట్టుమీద ఆరబెట్టినప్పుడు కొద్ది నిమిషములలోనే చక్కెర హార్మోను రక్తమున ఉప్పొంగును. అది హెపటోపాంక్రియాస్ అను జీర్ణగ్రంథిలోను కండరములలోను దాగిన గ్లైకోజెన్‌ను కరిగించి గ్లూకోజును బయటికి తెచ్చును. ఊపిరి చాలక కండరములందు పుట్టిన లాక్టేటు ఆ హార్మోను విడుదలను ఇంకను హెచ్చించును. నెత్తురులో పెరిగిన గ్లూకోజు తిరిగి ఆ కణములనే శాంతింపజేయును. రాత్రి మొదలగు వేళ హార్మోను సహజముగనే పెరుగుచుండుట, రాత్రించరములగు ఈ జీవుల దినచర్యకు తగినదే. రంగుల విషయమున న్యూ ఆర్లియన్స్ నగరములోని తులేన్ విశ్వవిద్యాలయమున మిల్టన్ ఫింగర్‌మన్ ఫిడ్లర్ పీతలపై చేసిన పరిశోధనలు ప్రసిద్ధములు: సెరటోనిన్ ఇచ్చినచో ఎరుపు వర్ణకమును విస్తరింపజేయు హార్మోను, డోపమిన్ ఇచ్చినచో దానిని ముడుచుకొనజేయు హార్మోను విడుదల యగునని ఆయన బృందము నిరూపించినది. ఆ ముడుచు హార్మోను ఎనిమిది అమైనో ఆమ్లముల చిన్నగొలుసు. ఫెర్న్‌లుండ్, జోసెఫ్‌సన్ అనువారు దాని నిర్మాణమును 1972లో చదివిరి. క్రస్టేషియా వర్గమున పూర్ణముగా చదువబడిన తొలి నాడీపెప్టైడు అదియే. కొన్నేండ్లకు మిడుతలలో కొవ్వును కరిగించు హార్మోనును చదువగా, అది దీనికి దగ్గరి బంధువని తేలినది.

చక్కెర హార్మోను చేయుమని చెప్పునదైతే, కంటికాడలోని ముఖ్యమైన తక్కినవి వలదని చెప్పునవి. తలలో వై-అంగమను మరొక గ్రంథి కలదు; కుబుసము విడిపించు ఎక్‌డైసోన్ హార్మోనును స్రవించుట దాని పని. కంటికాడనుండి వచ్చు కుబుసనిరోధక హార్మోను దానిని నిరంతరము అణచియుంచును. కుబుసము విడుచుటకు ముందు ఆ నిరోధము సడలును, వై-అంగము మేల్కొనును. జెలెనీ పీతలు త్వరపడుటకు కారణమిదియే: చోదకమేదియు అదనముగా చేరలేదు, అడ్డు మాత్రము తొలగినది. కుబుసము విడిచిన పీత కొంతసేపు మెత్తబడి, నీటిని తాగి, ఉబ్బి, ఆ ఉబ్బిన కొలతకే కొత్త పెంకు గట్టిపరచుకొనును. 1999లో ఆకుపచ్చ పీతలపై జరిగిన పరిశోధనలో, ఆ ఉబ్బునకు కావలసిన నీటిని చేర్చుకొనుటకై, చక్కెర హార్మోనే కుబుసపు వేళకు సరిగ్గా పేగులోని కణములనుండి వెల్లువగా విడుదలగునని కనుగొనిరి. నెత్తురులో చక్కెరను కాచు హార్మోను, అవసరమగునప్పుడు వేరొక అవయవమునుండి వచ్చి వేరొక పని నిర్వహించుచున్నది.

ఈ విజ్ఞానమునకు తెలుగునాటను ఒక స్థానము కలదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రజ్ఞులు మన వరిచేల గట్లలో బొరియలు చేసికొని బ్రతుకు మంచినీటి పీతపై, అనగా ఓజియోటెల్ఫూసా సెనెక్స్ సెనెక్స్‌పై, దశాబ్దములుగా కంటికాడ హార్మోనులను గూర్చి పరిశోధించి, చక్కెర, కుబుసము, అండాశయము అను మూడింటియందును దాని ప్రభావమును వివరించిరి. రైతు చేలో అడుగడుగునను కనబడి, ఎవ్వరి గౌరవమునకును నోచుకొనని ఆ జీవి, దూరదేశముల పరిశోధనాగ్రంథములలో పేరు పొందినది.

మరి యొక సంబంధము ఇంకను ఘనమైనది. మన తీరములోని హేచరీలలో తల్లి రొయ్యలకు చేయు ‘ఆబ్లేషన్’ ఈ హార్మోను జ్ఞానముపైనే ఆధారపడి యున్నది. ట్యాంకులలో బంధింపబడిన ఆడు టైగరు రొయ్య కడుపున గ్రుడ్లు పండుట కష్టము. అండాశయమును అణచు హార్మోను కంటికాడనుండి వచ్చుచుండగా అవి పండవు. అందుచేత ఒక కంటికాడను నొక్కియో, కాల్చియో, దారము బిగించియో నిర్జీవము చేయుదురు. రెండు కన్నులను తీయరు. అట్లు చేసినచో రొయ్య బ్రతుకుట కష్టము. ఒక కన్ను పోగా నిరోధక హార్మోను తగ్గి, కొద్ది దినములలో అండాశయము వీపు పెంకు క్రింద పచ్చని చారగా పెరుగును. రాత్రి టార్చి వెలుతురు వేసి పనివారు ఆ చారను చూచి, గ్రుడ్లు పెట్టువానిని వేరుచేయుదురు. ఏ రొయ్యకు ఎప్పుడు చేయవలెనన్నది అనుభవజ్ఞులకు బాగుగా తెలియును: పెంకు గట్టిపడి రెండు కుబుసముల నడుమ నున్నదానికి చేసినచో గ్రుడ్లు పండును, కుబుసము సమీపించినదానికి చేసినచో అది ముందు కుబుసమే విడుచును. రెండు నిరోధములను ఒక్కసారి తొలగించుచున్నాము గనుక, ముందు సిద్ధముగా నున్న పని ముందు జరుగుచున్నది. 2009 తరువాత మన నేలపై వ్యాపించిన వనామీ జాతి తల్లి రొయ్యలకును ఇదే పద్ధతి నడచుచున్నది.

అండాశయమునకు ఒక్క హార్మోనును తొలగింపదలచి, చక్కెర, కుబుసము, రంగు, దినచర్య అను అన్నింటిని శాసించు కణములను సగము పారవేయుట, ఒక కంటిని పోగొట్టుట మోటైన పద్ధతి. ఇది చేయువారికిని తెలిసినదే. కంటికాడ తీసిన రొయ్యలలో మరణములు హెచ్చుట, గ్రుడ్ల నాణ్యత క్రమముగా తగ్గుట హేచరీవారు ఎరిగినదే. దీనికి మారుగా ఒక దారి తెరచుకొనుచున్నది. అండాశయ నిరోధక హార్మోను జన్యువునుండి వెలువడు ఆర్.ఎన్.ఏ. ప్రతిని మాత్రమే నాశనము చేయునట్లు, దానికి సరిపోవు జంటపోగుల ఆర్.ఎన్.ఏ.ను రొయ్యకు ఇంజెక్షనుగా ఇచ్చుట. థాయిలాండు శాస్త్రజ్ఞులు టైగరు రొయ్యలపై దీనిని ప్రయోగించి, కన్ను తీయకయే అండాశయము పండి గ్రుడ్లు వెలువడుటను చూచిరి. సముద్రమునుండి పట్టితెచ్చిన తల్లి రొయ్యలలో ఫలితము ఆబ్లేషన్‌తో సమానముగా నుండెను. చక్కెర హార్మోనునకు, కుబుసనిరోధకమునకు సంబంధించిన జన్యువులు తమ పని తాము చేసికొనుచునే యుండును. అయితే ఈ మందు ఆపునది తయారీని మాత్రమే. ఇంజెక్షనునాటికే సైనస్ గ్రంథిలో నిలువయున్న హార్మోను ఖర్చగువరకు దాని ప్రభావము కొంత మిగిలియుండుట సహజము. కావున ఎంత మోతాదు, కుబుసము గడచిన ఏ దశలో, ఎన్ని దినముల యెడముతో ఇవ్వవలెనన్న లెక్కలు హేచరీ ట్యాంకులవద్దనే, తల్లి రొయ్యలను కనిపెట్టి చూచుచు, తేల్చుకొనవలసి యున్నవి.